నీళ్ళకూ స్క్రీన్ టెస్టు!

సినిమాల్లో ఆక్వేరియం కనిపించిందంటే దాని ఆయుష్షు మూడు రీళ్ళే! విలన్‌గారి డెన్‌లో ఎర్రదీపాల పక్కన, మెట్ల కింద, నీలంగా మెరుస్తూ వుంటుంది. విలన్‌గారు దాని ముందు నిలబడి చుట్ట కాలుస్తూ, చేపలకు చిటికెడు మేత విదిలిస్తూ, హీరో చెల్లెల్ని ఎత్తుకు రమ్మని హుకుం జారీ చేస్తారు. క్లైమాక్సులో హీరో కొట్టిన దెబ్బకి అనుచరుడొకడు గాల్లో తేలి వచ్చి ఆ అద్దం మీద పడతాడు. భళ్ళున అద్దం, బొళబొళమంటూ నీళ్ళు, హాలంతా ఈలలు! ఆ చేపలేమయ్యాయని ఇంతవరకు ఏ ప్రేక్షకుడైనా అడిగాడా? అడిగిన పాపాన పోలేదు.

అడిగేలా చేసిన సినిమా ఒకటుంది. 2003లో వచ్చిన "ఫైండింగ్ నీమో". అందులో హీరో నారింజరంగు మీద తెల్లపట్టీలున్న క్లౌన్ చేపపిల్ల. సిడ్నీలో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్కులోని తొట్టిలో చిక్కుకుపోతాడు. తోటి చేపలు ఫిల్టరుకి అడ్డం పెట్టి, తొట్టిని పాచి పట్టించి, తప్పించుకోవాలని ప్లాను వేస్తాయి. డాక్టరుగారు తక్కువ తిన్నాడా? రాత్రికి రాత్రి "ఆక్వాస్కమ్ 2003" అనే యంత్రం తగిలిస్తాడు. అది అయిదేసి నిమిషాలకొకసారి నీళ్ళను పరీక్ష చేసి, శుభ్రం చేసి పారేస్తుంది. ప్లాను కాస్తా ఫ్లాపు!

ఆ యంత్రాన్ని చూసి హాల్లో అందరూ నవ్వారు. మా ఇంట్లో మాత్రం ఒక శాల్తీ నవ్వలేదు. టీవీలో ఆ సినిమా ఎన్నిసార్లు వచ్చినా కళ్ళప్పగించి చూసిన మా తమ్ముడు, ఇంటర్ పరీక్షలవగానే, "అక్కా, మనింట్లో సముద్రం పెడదాం" అన్నాడు. విశాఖపట్నంలో వుంటూ ఇంట్లో సముద్రం దేనికిరా, బీచ్ రోడ్డు దాకా నడిస్తే సరిపోదా, అంది మా అమ్మ. వాడు వింటేగా!

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. సుమారు 180 లీటర్ల తొట్టి. పగడాల జోలికి పోలేదు. మన దేశంలో పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ వుంది, ఇంట్లో పెట్టుకునే వస్తువులు కావవి. క్లౌన్ చేపల సంగతి వేరు. వాటిని తొట్టెల్లోనే గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు ఎప్పుడో సాధించారు. అలా తొట్టిలోనే పుట్టిన జంటను తెచ్చాడు మావాడు. ఇక ఇల్లంతా వాటి ముచ్చట్లే!

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. ఉప్పునీటి తొట్టి చూడ్డానికి అద్దంలా తేటగా వుంటుంది. ఆ తేటదనాన్ని నమ్మితే మునిగామే! చేప తిన్నది, వదిలింది, మిగిల్చింది, అన్నీ కలిసి అమోనియా అవుతుంది. దానికి రంగు లేదు. కొద్దిమోతాదులో వాసనా తెలియదు. కొత్త తొట్టిలో దాన్ని తినే సూక్ష్మజీవులు స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అవి అమోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. ఈ నాటకమంతా తెర వెనకే! మన కంటికి కనిపించేది చేప తేలినప్పుడే. అందుకే పరీక్ష. అందుకే కిట్లు.

కిట్లు నాలుగు రకాలు. మొదటివి కాగితం పట్టీలు. ముంచి తీస్తే రంగు మారుతుంది. రెండోవి చుక్కల మందులు. గాజుగొట్టంలో నీళ్ళు పోసి, సీసాల్లోంచి చుక్కలు వేసి, వచ్చిన రంగును కార్డుతో పోల్చుకోవాలి. మూడోవి కూడా చుక్కలే గాని లెక్క వేరు. రంగు ఠక్కున మారేదాకా ఎన్ని చుక్కలు పడ్డాయో అదే జవాబు. ఆల్కలినిటీ చూసేవి ఈ రకం. నాలుగోవి మీటర్లు. హన్నా కంపెనీ చెకర్ లాంటివి. గొట్టం లోపల పెట్టి మీట నొక్కితే అంకె వస్తుంది. అంకె కనిపించగానే మనకు భక్తి పుట్టుకొస్తుంది. మీటరబద్ధమాడుతుందా, అని! గొట్టం మీద వేలిముద్ర పడినా అది అంకె మార్చేస్తుందని చెబితే ఎవరూ నమ్మరు.

మావాడు చుక్కల కిట్టొకటి, ఉప్పదనం చూసే ముల్లున్న ప్లాస్టిక్ పెట్టె ఒకటి కొన్నాడు. అంతా సవ్యంగానే సాగింది. తరవాత మే నెల వచ్చింది.

మే నెల విశాఖపట్నం సంగతి మీకు చెప్పేదేముంది! చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. ఒక తెల్లవారుజామున మా తమ్ముడు నన్ను లేపాడు. వాడి గొంతు వణుకుతోంది. రెండు చేపలూ నీటిపైకి వచ్చి, నోళ్ళు తెరుచుకుని, గుటక గుటకగా గాలి మింగుతున్నాయి. మొప్పలు ఎగసిపడుతున్నాయి. వాడు కిట్టు తీసి అమోనియా చూశాడు. రంగు లేత ఆకుపచ్చ, అంటే 0.25. వుండాల్సింది సున్నా!

షాపు తెరిచే వేళకు సీసాలో నీళ్ళు పట్టుకుని పరుగెత్తాడు. షాపాయన ఉచితంగా పరీక్ష చేశాడు. పట్టీ ముంచి, తీసి, పెదవి విరిచి, "డేంజర్" అన్నాడు. కార్డులో చివరి రంగుకి దగ్గరగా వచ్చిందట. వెంటనే ఈ మందు పొయ్యాలి, లేకపోతే రాత్రికి రెండూ పోతాయి, అన్నాడు. మందు ఖరీదు వింటే మనం పోయేలా వున్నాం! వాడి దగ్గర అంత డబ్బు లేదు. ఇంటికొచ్చి నా ముందు నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు.

ఇంట్లో కిట్టు 0.25 అంటోంది. షాపులో పట్టీ డేంజరంటోంది. ఎవరి మాట నమ్మాలి? ఇద్దరూ ఒకే మనిషిలా వుండి, "నేనే అసలు రాముణ్ణి" అనే డబుల్ యాక్షన్ సినిమాలా వుంది వ్యవహారం. సినిమాలో అయితే తల్లి వచ్చి పుట్టుమచ్చ చూసి తేలుస్తుంది. మరి నీళ్ళ పుట్టుమచ్చ ఎవరు చూస్తారు?

మా బాబాయికి ఫోన్ చేశాను. బాబాయిది భీమవరం దగ్గర రొయ్యల చెరువు. వనామీ రొయ్య మన దేశానికి వచ్చిన కొత్తల్లోనే అందులో దిగిన మనిషి. లాభం చూశాడు, చెరువు చెరువంతా ఒక్క రాత్రిలో పోవడమూ చూశాడు. నీళ్ళ గురించి ఆయనకు పుస్తకం అక్కర్లేదు.

అంతా విని, "అమ్మడూ, తెల్లారగట్ట పైకొచ్చాయా, పొద్దెక్కాకా?" అన్నాడు.

"తెల్లారగట్ట బాబాయ్."

"అయితే ముందు డీవో సంగతి చూడండి. గాలి పంపొకటి తగిలించెయ్యండి, దాంతో నష్టం లేదు. మందు మాత్రం పొయ్యకండి. మందమ్మేవాడే రోగం కూడా చెబితే, ఆ మాట రెండో చోట అడిగి గాని నమ్మకూడదే."

"మరి రెండు టెస్టులూ రెండు రకాలుగా చెబుతున్నాయిగా?"

"ముందు ఆ టెస్టులకి టెస్టు పెట్టు. జవాబు నీకు తెలిసిన నీళ్ళు దానికిచ్చి చూడు. అక్కడ నిజం చెబితే ఇక్కడా చెబుతుంది. మా ల్యాబుల్లో కుర్రాళ్ళు చేసేది అదేగా!"

డీవో అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్. గోదావరి జిల్లాల్లో రొయ్యల రైతు నోట ఈ మాట రోజుకు పదిసార్లు వినిపిస్తుంది. గాలి పంపు తగిలించాం. గంటలో చేపలు కాస్త కిందికి దిగాయి. మాకూ ఊపిరాడింది. కాని రోగమేదో తేలలేదుగా!

జవాబు తెలిసిన నీళ్ళు! ఈ ఒక్క మాటలో వుంది మొత్తం విద్య. నా స్నేహితురాలొకతె ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతోంది. దాన్నడిగితే నవ్వి, చిటికెలో చేసిచ్చింది. డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా. అది సున్నా. రెండో సీసా 1 పి.పి.ఎమ్. అమోనియా. ఎలాగంటారా? 3.14 గ్రాముల అమోనియం క్లోరైడును లీటరు డిస్టిల్డ్ వాటరులో కరిగిస్తే అది 1000 పి.పి.ఎమ్. ద్రావణం. అందులోంచి ఒక్క మిల్లీలీటరు తీసి, నీళ్ళు కలిపి లీటరు చేస్తే 1 పి.పి.ఎమ్. 3.14 అంటే లెక్కల్లో మనల్ని ఏడిపించిన "పై" విలువే! ఇక మరిచిపోమన్నా మరిచిపోరు.

మా కిట్టుకి రెండు సీసాలూ ఇచ్చాం. 1 పి.పి.ఎమ్. నీళ్ళకు కరెక్టుగా 1 రంగే వచ్చింది. డిస్టిల్డ్ వాటరుకి? లేత ఆకుపచ్చ! 0.25! తొట్టి నీళ్ళకు వచ్చిన రంగే. రెండు గొట్టాలూ పక్కపక్కన పెట్టి కిటికీ దగ్గర చూస్తే ఏది ఏదో చెప్పలేకపోయాం. అంటే మా కిట్టు భాషలో సున్నా అంటే అదన్నమాట. అది అబద్ధాలకోరు కాదు. దాని యాస తెలుసుకోవాలి, అంతే.

ఇక షాపు పట్టీ మిగిలింది. ఆ సాయంత్రం నేనే వెళ్ళాను. నా చేతిలో రెండు సీసాలు. ఒకదాంట్లో తొట్టి నీళ్ళు, ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటరు. రెండూ తొట్టి నీళ్ళేనన్నాను. (ఇంతకంటే పెద్ద యాక్షన్ నాకు చేతకాదు!) షాపాయన రెండూ చూసి, రెండూ డేంజరేనన్నాడు.

ఆయన్ని విలన్ని చెయ్యడం నాకిష్టం లేదు. ఆయన మోసగాడేం కాదు. పట్టీల డబ్బా చేపల తొట్టెల మధ్య, మూత తీసి, రోజంతా వుంటుంది. తడిగాలి తగిలితే పట్టీ పని అయిపోయినట్టే. మన కోస్తాలో తడిగాలికి కొదవేముంది! ఆయన పట్టీని నమ్మాడు, పట్టీ తడిగాలిని నమ్మింది. సీసాలో ఏముందో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత ఆ డబ్బాను తీసి చెత్తబుట్టలో వేశాడు. మందు మాత్రం మళ్ళీ చూపించలేదు.

ఆ మందు కొనివుంటే ఇంకో చిక్కు కూడా వుండేది. అమోనియా కిట్లలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి సాలిసిలేట్ పద్ధతి, ఆకుపచ్చ రంగు వచ్చేది. రెండోది నెస్లర్ పద్ధతి, పసుపు నుంచి నారింజ వచ్చేది. నెస్లర్ మందులో పాదరసం వుంటుంది. ఉప్పునీళ్ళలో అది మడ్డి కట్టి చిరాకు పెడుతుంది. పైగా అమోనియాను కట్టిపడేసే మందులు పోసిన నీళ్ళలో అబద్ధపు అంకెలు చూపిస్తుంది. మందు పోసి, మళ్ళీ పరీక్ష చేసి, "ఇంకా పెరిగిందిరా బాబోయ్" అని మళ్ళీ మందు పోసేవాళ్ళుంటారు. అందుకని పెట్టె మీద ఏ పద్ధతో చూసి కొనాలి. ఉప్పునీటికి పనికొస్తుందని రాసివుందో లేదో చూడాలి. ఏ.పి.ఐ. వాళ్ళదీ మరికొందరిదీ సాలిసిలేట్ పద్ధతే.

అమోనియా కాదని తేలింది. మరి చేపలెందుకు పైకొచ్చాయి? థర్మామీటరు చూశాం. తెల్లవారుజామునే 31 డిగ్రీలు! రాత్రి కరెంటు పోయి పంపు రెండు గంటలు ఆగింది. ఇక మిగిలింది ఉప్పదనం. ముల్లు పెట్టె 1.024 అంటోంది, అంటే కాస్త తక్కువేనని లెక్క. అందుకే మా తమ్ముడు రోజూ ఆవిరైపోయిన నీళ్ళ స్థానంలో ఉప్పునీళ్ళే పోస్తున్నాడు.

నాకిక్కడ అనుమానం తగిలింది. ఆవిరయ్యేది నీళ్ళేగాని ఉప్పు కాదుగా? రోజుకు రెండు లీటర్లు ఆవిరై, రెండు లీటర్లు ఉప్పునీళ్ళు పోస్తే, రోజుకు డెబ్భై గ్రాముల ఉప్పు అదనం. పదిరోజులు తిరిగేసరికి 35 వుండాల్సింది 39 అవుతుంది. మరి ముల్లు 1.024 దగ్గరే ఎందుకుంది? దాన్ని తీసి చూస్తే ముల్లు మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. బరువెక్కిన ముల్లు పైకి లేవదుగా! బుడగ అంటుకుంటే దీనికి తిరగబడి, వున్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

తెలిసినవాళ్ళ దగ్గర రిఫ్రాక్టోమీటరు అరువు తెచ్చాం. చిన్న దుర్భిణీలా వుంటుంది. అద్దం మీద చుక్క నీళ్ళు వేసి వెలుతురులోకి చూస్తే గీత కనిపిస్తుంది. దీన్నీ ఊరికే నమ్మలేదు లెండి! దానికీ స్క్రీన్ టెస్టే. 36.5 గ్రాముల అయొడిన్ లేని శుభ్రమైన ఉప్పు, 963.5 గ్రాముల డిస్టిల్డ్ వాటరు. ఈ రెండూ కలిపితే రిఫ్రాక్టోమీటరులో 35 దగ్గర గీత కనిపించాలి. సముద్రపు ఉప్పుకీ వంట ఉప్పుకీ కాంతిని వంచే గుణంలో తేడా వుంది కాబట్టి 35 గ్రాములు కాకుండా 36.5 అన్నమాట. ఉత్త నీళ్ళతో సున్నా సరిచేసుకుంటే చాలదు. సున్నా దగ్గర సరిగ్గా వుండి 35 దగ్గర దారి తప్పేవి బోలెడు.

గీత సరిచేసి, తొట్టి నీళ్ళు వేశాం. 39! లెక్కకు లెక్క సరిపోయింది.

వేడి పెరిగినా, ఉప్పు పెరిగినా నీళ్ళలో ఆక్సిజన్ పట్టే చోటు తగ్గిపోతుంది. దానికి తోడు పంపు ఆగింది. ఇదీ అసలు కథ! విలన్ ఇంట్లోనే వుంటే మనం వీధంతా వెతికాం. నీళ్ళ మీదికి ఫ్యాను తిప్పాం, వేడి రెండు డిగ్రీలు దిగింది. రోజుకు నాలుగు లీటర్ల తొట్టి నీళ్ళు తీసి ఆ స్థానంలో మంచినీళ్ళు పోశాం. అయిదు రోజుల్లో 39 కాస్తా 35కి వచ్చింది. ఒక్కరోజులో దించితే చేపలకు మళ్ళీ దెబ్బ. ఆ మంచినీళ్ళకు కూడా టి.డి.ఎస్. మీటరు పెట్టి చూశాం. ఇళ్ళలో వుండే ఆర్.ఓ. మిషన్లలో చాలావాటికి రుచికోసం కుళాయి నీళ్ళు కొంచెం కలిపే ఏర్పాటుంటుంది. మన నాలిక్కి బాగుంటుంది, తొట్టికి బాగుండదు. దాన్ని మూసేయించాం.

తరవాతి నెలలో భీమవరంలో పెళ్ళి. నేనూ తమ్ముడూ ఒక సీసా నిండా తొట్టి నీళ్ళు నింపి, గాలి చొరకుండా మూత బిగించి తీసుకెళ్ళాం. పెళ్ళికి చీరలు సర్దుకునే మనుషులుంటారు గాని సీసాలు సర్దుకునేదెవరే, అని అమ్మ నవ్వింది. బాబాయి తీసుకెళ్ళిన ల్యాబులో ఒక కుర్రాడు బ్యూరెట్టులోంచి చుక్కలు దించుతూ, పది సీసాలు వరసగా చూస్తున్నాడు. రొయ్యల రైతులు తెచ్చిన నీళ్ళు. ఒక్కో సీసా వెనక ఒక్కో కుటుంబం అప్పు! మా సీసా కూడా చూశాడు. "ఆల్కలినిటీ 125" అని చీటీ రాసిచ్చాడు.

మా తమ్ముడి మొహం మాడిపోయింది. "మన కిట్టు 7 అంటోంది అక్కా!"

కుర్రాడు నవ్వాడు. "మీది డిగ్రీల్లో చెబుతుంది, మాది పి.పి.ఎమ్.లో. 17.9తో భాగించండి."

భాగిస్తే ఏడే! ఇలాంటిదే నైట్రేటులోనూ వుంది. కొన్ని కిట్లు నైట్రేటు చెబుతాయి, కొన్ని అందులోని నైట్రోజన్ మాత్రమే చెబుతాయి. రెండింటికీ తేడా సుమారు 4.4 రెట్లు. ఒకడు 10 అన్నాడని, ఇంకొకడు 44 అన్నాడని కొట్టుకోనక్కర్లేదు. యూనిట్ చూడకుండా అంకె చూడటమంటే, రూపాయలా డాలర్లా అని అడక్కుండా హీరోగారి పారితోషికం గురించి ఆశ్చర్యపోవడమే!

ఆ కుర్రాడే ఇంకో సంగతి చెప్పాడు. ఉప్పదనం, ఆల్కలినిటీ ప్రయాణానికి తట్టుకుంటాయి. అమోనియా, పి.హెచ్. తట్టుకోవు, వాటిని తొట్టి పక్కనే చూడాలి. అందుకే షాపులో ఉచిత పరీక్ష ఎంత మంచివాడు చేసినా, దారిలో ఎండ తిన్న సీసాకు చేసిన పరీక్షే.

ఇంట్లో ఆల్కలినిటీ కిట్టును పరీక్షించాలంటే ల్యాబు కూడా అక్కర్లేదు. వంటింట్లో తినే సోడా వుందిగా? మూడు గ్రాములు తూచి లీటరు డిస్టిల్డ్ వాటరులో కలపండి. అందులోంచి వంద మిల్లీలీటర్లు తీసి, డిస్టిల్డ్ వాటరుతో లీటరు చెయ్యండి. మీ కిట్టు 10 డిగ్రీలు చూపించాలి. చూపిస్తే కిట్టు మంచిది. 10కి బదులు 11 చూపిస్తే పారెయ్యనక్కర్లేదు, పదోవంతు ఎక్కువ చెబుతుందని డబ్బా మీద రాసుకోండి. 10కి ఒకసారి 8, ఒకసారి 12 చూపించిందా? అదీ పారేయాల్సింది! ఎప్పుడూ ఒకే రకంగా తప్పు చెప్పేవాణ్ణి భరించొచ్చు గాని, పూటకో మాట చెప్పేవాణ్ణి భరించలేం.

"ఇంతకీ ఏ కంపెనీది కొనమంటావు?" అని మీరడుగుతారు. సాలిఫెర్ట్, రెడ్ సీ, హన్నా, ఏ.పి.ఐ., సీచెమ్... పేర్లకేం తక్కువ? పోస్టరు మీద హీరో బొమ్మ పెద్దదిగా వేసినంత మాత్రాన సినిమా ఆడుతుందా? నేను చూసేది ఇవీ. కాలపరిమితి తేదీ స్పష్టంగా వుందా? షాపులో ఎండపొడ తగిలే అరలో పెట్టారా? ఉప్పునీటికి పనికొస్తుందా? జవాబు తెలిసిన రిఫరెన్సు ద్రావణం తోడుగా ఇస్తున్నారా? సీచెమ్ కిట్లలో కొన్నిటితో అలా వస్తుంది, అది ఎంతో మేలు. మందు అయిపోతే విడిగా దొరుకుతుందా? లేకపోతే మళ్ళీ పెట్టె పెట్టంతా కొనాలి.

అన్నిటికంటే ముఖ్యం ఇంకోటుంది. ఆ అంకె చూసి మీరేం చేస్తారు? చేపలు మాత్రమే వున్న తొట్టిలో నైట్రేటు 20 అయినా 25 అయినా చేసేది ఒక్కటే, కొన్ని నీళ్ళు మార్చడం. దానికి ఖరీదైన మీటరు దండగ. అమోనియాలో తెలియాల్సింది వుందా లేదా అన్నదే. పి.హెచ్. 8.2 దగ్గర మొత్తం అమోనియాలో నూటికి అయిదు నుంచి పది పాళ్ళు విషరూపంలో వుంటుంది కాబట్టి, అక్కడ "కొంచెమేలే" అనడం కుదరదు. ఉప్పదనంలో మాత్రం అంకె కచ్చితంగా వుండాలి. మొదటి డబ్బు మంచి రిఫ్రాక్టోమీటరు మీద పెట్టండి. తరవాత అమోనియా, ఆపైన నైట్రేటు, ఆల్కలినిటీ. కాల్షియం, మెగ్నీషియం కిట్లు పగడాలు పెంచేవాళ్ళకు. మన తొట్టికి అవి గెస్టు ఆర్టిస్టులు కూడా కావు.

కొన్నాక వాడే తీరు కూడా వుంది. ఛాయాగ్రాహకుడు వెలుతురు చూసుకోనిదే షాటు తియ్యడు. రంగుల కిట్టు చదవడం కూడా అంతే. పచ్చటి బల్బు కింద ఆకుపచ్చ పసుపవుతుంది. పగలు, కిటికీ దగ్గర, తెల్లకాగితం ముందు పెట్టి చూడాలి. ఎరుపు ఆకుపచ్చలు విడిగా కనపడనివాళ్ళు మగవాళ్ళలో ఎక్కువ. అలాంటివాళ్ళకు మీటరే మేలు. నైట్రేటు కిట్టులో సీసా ఊపమని రాసివుంటే నిజంగా ఊపాలి. ఏ.పి.ఐ. వాళ్ళు రెండో సీసాను అరనిమిషం గట్టిగా ఊపమంటారు. ఊపకపోతే మందు అడుగునే వుండి, నైట్రేటు లేదని మనకు శుభవార్త చెబుతుంది! నైట్రైటు ఇంకా వున్న కొత్త తొట్టిలో నైట్రేటు అంకె బాగా ఎక్కువ వస్తుంది. అది చూసి బెంబేలుపడొద్దు.

భయపెట్టే అంకె వస్తే వెంటనే మందుసీసా అందుకోవద్దు. రీటేక్! గొట్టం కడిగి, మళ్ళీ చెయ్యండి. మళ్ళీ అదే వస్తే జవాబు తెలిసిన నీళ్ళతో ఒకసారి చెయ్యండి. ఇంతా చేస్తే పావుగంట పట్టదు. ఆ పావుగంటలో గాలి పంపు తిరుగుతూనే వుంటుంది.

మా తమ్ముడు గోడకు ఒక నోటుబుక్కు వేలాడదీశాడు. తేదీ, టైము, ఉప్పదనం, వేడి, అమోనియా. షూటింగులో క్లాపు కొట్టేవాడిలా ఒక్కరోజు మానడు. పి.హెచ్. తెల్లవారేసరికి తగ్గి సాయంత్రానికి పెరుగుతుంది కాబట్టి దాన్ని ఎప్పుడూ ఒకే టైముకు చూస్తాడు. వాడిప్పుడు ఎవరి మాటనీ ఊరికే నమ్మడంలేదు. నిన్న నేను, "ఆ కొత్త సినిమా సూపర్‌హిట్టటరా" అంటే, "ఎవరు చెప్పారు? అమ్మేవాళ్ళా, చూసినవాళ్ళా?" అన్నాడు.

చేపలకోసం నేర్చుకున్న చదువు వాడికి చాలాచోట్ల పనికొచ్చేలాగే వుంది. ఏమంటారు?